జూన్‌టీన్త్: ఆలస్యమైంది కబురు కాదు

1865 జూన్ 19న టెక్సస్‌లోని గాల్వెస్టన్ రేవు పట్నంలో అమెరికా సైన్యం ఒక ఉత్తర్వు జారీ చేసింది. పేరు జనరల్ ఆర్డర్ నంబర్ 3. ఉన్నవి నాలుగే వాక్యాలు. దేశాధ్యక్షుడి ప్రకటన ప్రకారం బానిసలందరూ స్వతంత్రులని మొదటి వాక్యం టెక్సస్ ప్రజలకు తెలియజేస్తుంది. నిన్నటి యజమానికీ నిన్నటి బానిసకూ వ్యక్తిగత హక్కుల్లో, ఆస్తి హక్కుల్లో సంపూర్ణ సమానత్వం ఉంటుందనీ, ఇకపై వాళ్ల మధ్య ఉండేది పని ఇచ్చేవాడికీ కూలికి వచ్చేవాడికీ ఉండే సంబంధమేననీ రెండోది. మూడో వాక్యం దగ్గర గొంతు మారుతుంది. విడుదలైనవాళ్లు ఇప్పుడున్న చోటే నిమ్మళంగా ఉండి కూలికి పనిచేసుకోవాలని సలహా ఇస్తుంది. నాలుగోది సలహా కూడా కాదు, హెచ్చరిక: సైనిక శిబిరాల దగ్గర గుమిగూడనివ్వం, అక్కడే కాదు ఎక్కడా ఊరికే కూర్చోబెట్టి తిండి పెట్టం.

ఆ రోజునే ఇప్పుడు జూన్‌టీన్త్ అని జరుపుకుంటున్నారు. జూన్, నైన్‌టీన్త్ అన్న రెండు మాటలు జనం నోట కలిసిపోయి పుట్టిన పేరు. ఈ పండగకు ఒక్క ముక్క వివరణ బాగా ప్రచారంలో ఉంది. అధ్యక్షుడు లింకన్ 1863లోనే బానిసలను విడుదల చేశాడనీ, టెక్సస్ దూరం కాబట్టి ఆ కబురు రెండున్నరేళ్లు ఆలస్యంగా చేరిందనీ చెబుతారు. కబురు తెస్తున్న మనిషిని దారిలో చంపేశారనీ, అతను కంచరగాడిద మీద వచ్చాడు కాబట్టి అంత కాలం పట్టిందనీ కథలు కూడా ఉన్నాయి. ఈ వివరణలో తేదీలు సరిగ్గానే ఉన్నాయి. తప్పల్లా 'కబురు' అన్న మాటలోనే ఉంది.

అది అమెరికా అంతర్యుద్ధం నడుస్తున్న కాలం, బానిసత్వాన్ని నిలుపుకోవడానికి దేశం మీద తిరగబడ్డ దక్షిణాది రాష్ట్రాల్లో టెక్సస్ ఒకటి. అక్కడ టెలిగ్రాఫ్ ఉంది, పత్రికలు ఉన్నాయి. లింకన్ ప్రకటన సంగతి భూస్వాములకు బాగా తెలుసు. తెలుసు కాబట్టే లూసియానా, మిసిసిపీ, ఆర్కాన్సా యజమానులు తమ బానిసలను వందల మైళ్లు నడిపించుకుంటూ, ఉత్తరాది సైన్యానికి అందనంత దూరం టెక్సస్‌కు తరలించారు. 1860 జనాభా లెక్కల్లో టెక్సస్‌లో బానిసలు 1,82,566 మంది. యుద్ధం ముగిసేసరికి ఆ సంఖ్య దాదాపు 2.5 లక్షలకు చేరిందని అంచనా. విడుదల కబురు చేరని చోటని కాదు, దాన్ని అమలు చేసేవాడు చేరని చోటని టెక్సస్‌ను ఎంచుకున్నారు. వంటగదుల్లో, బండ్ల మీద, గుడారాల్లో పనిచేసే బానిసలకు యజమానుల మాటలు చెవిన పడుతూనే ఉండేవి. తెలిసినా చేయగలిగింది ఏముంది? చట్టం పక్కన తుపాకీ లేనప్పుడు ఎదుట ఉన్నది యజమాని తుపాకీయే.

ఇక్కడ ఒక విచిత్రమైన యాదృచ్ఛికం ఉంది. లింకన్ విమోచన ప్రకటన అమల్లోకి వచ్చింది 1863 జనవరి 1న. అంతకుముందు అక్టోబరులో ఉత్తరాది నౌకాదళం గాల్వెస్టన్‌ను పట్టుకుంది. సరిగ్గా ఆ జనవరి 1 తెల్లవారుజామునే దక్షిణాది సేనలు దాడి చేసి రేవును తిరిగి లాక్కున్నాయి. పత్తి మూటలను అడ్డుగోడలుగా పేర్చుకున్న పడవలతో వచ్చి మరీ గెలిచాయి. వాషింగ్టన్‌లో లింకన్ సంతకం పెట్టిన రోజే గాల్వెస్టన్ ఆ సంతకం చెల్లని ఊరైంది.

ఏ కాగితం ఎవరిని విడుదల చేసింది

జూన్‌టీన్త్ అర్థం కావాలంటే మూడు కాగితాలను విడివిడిగా చూడాలి: లింకన్ ప్రకటన, గాల్వెస్టన్ ఉత్తర్వు, బానిసత్వాన్ని దేశమంతటా రద్దు చేసిన రాజ్యాంగం 13వ సవరణ. వీటిని కలగాపులగం చేయడం వల్లే గందరగోళమంతా.

లింకన్ ప్రకటన చట్టసభ చేసిన చట్టం కాదు. సైన్యాధిపతి హోదాలో అధ్యక్షుడు తీసుకున్న యుద్ధ చర్య. తిరుగుబాటు చేసిన రాష్ట్రాల నుంచి శ్రమశక్తిని లాగేసుకోవడం దాని న్యాయపరమైన ఆధారం. అందుకే తిరుగుబాటులో లేని చోట్లకు అది వర్తించదు. దేశంతోనే ఉండిపోయిన డెలావేర్, మేరీలాండ్, కెంటకీ, మిస్సోరీలలో బానిసత్వం చట్టబద్ధంగానే కొనసాగింది. ప్రకటన పేరు పెట్టి చెప్పింది 10 రాష్ట్రాలను. అందులోనూ మినహాయింపులున్నాయి. న్యూ ఆర్లియన్స్‌తో సహా లూసియానాలో 13 పారిష్‌లు (అక్కడ జిల్లాలను అలా అంటారు), తర్వాత వెస్ట్ వర్జీనియా అయిన 48 కౌంటీలు, తూర్పు వర్జీనియాలో మరికొన్ని కౌంటీలు దాని పరిధిలోకి రావు. టెనెసీ ఊసే లేదు.

దీన్ని పట్టుకుని 'లింకన్ ప్రకటన ఒక్కరినీ విడుదల చేయలేదు' అని కొందరు తేల్చేస్తారు. అదీ నిజం కాదు. సౌత్ కరోలినా తీరంలోని దీవుల్లాంటి చోట్ల, అప్పటికే ఉత్తరాది సైన్యం చేతిలో ఉండి కూడా మినహాయింపు జాబితాలో లేని ప్రాంతాల్లో, ఆ రోజే వేల మంది స్వతంత్రులయ్యారు. మిగతా చోట్ల సైన్యం ముందుకు జరిగినకొద్దీ విడుదల ముందుకు జరిగింది. పైగా నల్లజాతివాళ్లు సైన్యంలో చేరడానికి ఆ ప్రకటనే తలుపు తెరిచింది. దాదాపు 1,80,000 మంది చేరారు. తమ విడుదలను వాళ్లే మోసుకుంటూ దక్షిణానికి నడిచారు.

ఆ నడక టెక్సస్ దాకా వచ్చేసరికి అన్నీ ఆలస్యమయ్యాయి. దక్షిణాది సేనాపతి జనరల్ లీ వర్జీనియాలో లొంగిపోయింది 1865 ఏప్రిల్ 9న. చాలామంది దాంతో యుద్ధం అయిపోయిందనుకుంటారు. మిసిసిపీ నదికి పడమట ఉన్న దక్షిణాది సేన మాత్రం లొంగలేదు. మే 12, 13 తేదీల్లో కూడా టెక్సస్ దక్షిణపు కొసన పాల్మిటో రాంచ్ దగ్గర యుద్ధం జరిగింది. ఆ సేనాధిపతి కర్బీ స్మిత్ లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టింది జూన్ 2న, గాల్వెస్టన్‌లోనే. ఆ తర్వాతే మేజర్ జనరల్ గోర్డన్ గ్రాంజర్ దాదాపు 2 వేల మంది సైనికులతో దిగాడు. రెండున్నరేళ్ల ఆలస్యానికి లెక్క ఇదీ.

గ్రాంజర్ ఒక భవంతి బాల్కనీలో నిలబడి ఉత్తర్వు చదివాడని, కింద జనం కేరింతలు కొట్టారని బొమ్మలు గీస్తారు. దానికి గట్టి ఆధారం లేదు. సైనిక ఉత్తర్వుల పద్ధతి వేరు. అధికారి చెబుతాడు, కింది అధికారి సంతకం పెడతాడు, ప్రతులు రాస్తారు, పత్రికల్లో అచ్చవుతుంది, ఊళ్లలో అంటిస్తారు. నంబర్ 3 మీద ఉన్న సంతకం కూడా మేజర్ ఎఫ్. డబ్ల్యూ. ఎమరీది. సైన్యం రిజిస్టరులో చేత్తో రాసిన ఆ ఉత్తర్వును అమెరికా జాతీయ అభిలేఖాగారం సిబ్బంది 2020 జూన్‌లో వెతికి బయటికి తీశారు.

ఉత్తర్వు గాల్వెస్టన్‌లో పడినంత మాత్రాన లోపలి తోటల్లో పనిచేసేవాళ్లు మర్నాడే బయటికి నడవలేదు. జూన్ అంటే పత్తి చేలో ఉన్న కాలం. చాలామంది యజమానులు తీతలు అయ్యేదాకా నోరు మెదపలేదు. చెప్పక తప్పనివాళ్లు ఉత్తర్వులోని మూడో వాక్యాన్ని వాడుకున్నారు, 'ఉన్నచోటే ఉండమన్నారుగా' అని. వెళ్లిపోతున్నవాళ్లను వెంటాడి కొట్టిన, చంపిన ఘటనలూ ఉన్నాయి. విడుదలైనవాళ్ల బాగోగులు చూడాల్సిన ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో టెక్సస్‌లో పని మొదలుపెట్టిందే సెప్టెంబరులో. 1866లో రాష్ట్ర శాసనసభ నల్లవాళ్ల కోసం విడిగా చట్టాలు తెచ్చింది. ఊళ్లో పని లేకుండా కనబడితే దేశదిమ్మరి అని పట్టుకుని జరిమానా వేయడం, అది కట్టలేకపోతే పనికి పెట్టడం వాటి సారాంశం.

ఈ తేదీకి కోర్టు ముద్ర పడిన తీరు ఇంకా చేదుగా ఉంటుంది. 1863కూ 1865కూ మధ్య టెక్సస్‌లో బానిసలను అప్పు మీద కొని ప్రామిసరీ నోట్లు రాసిచ్చినవాళ్లు యుద్ధం తర్వాత ఎదురు తిరిగారు. లింకన్ ప్రకటనతోనే ఆ మనిషి బానిస కాకుండా పోయాడు, లేని సరుకుకు డబ్బు ఎందుకు కట్టాలని వాదించారు. 1868లో టెక్సస్ సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు అప్పు ఇచ్చినవాళ్ల వైపే వచ్చింది. టెక్సస్‌లో బానిసత్వం ముగిసింది 1865 జూన్ 19న, అంతకుముందు రాసిన నోట్లు చెల్లుతాయని చెప్పింది. ఈ రోజు పండగ చేసుకుంటున్న తేదీని కోర్టు ఖాయం చేసింది మనుషుల అమ్మకం బాకీలు వసూలు చేయడానికి.

ఇంత జరిగినా జూన్ 19తో అమెరికాలో బానిసత్వం పోలేదు. మేరీలాండ్ 1864 నవంబరులో, మిస్సోరీ 1865 జనవరిలో సొంతంగా రద్దు చేసుకున్నాయి. కెంటకీ, డెలావేర్ చేసుకోలేదు. జూన్‌లో టెక్సస్ బానిస స్వతంత్రుడైన రోజు కెంటకీ బానిస చట్టప్రకారం బానిసే. అక్కడ సంకెళ్లు తెంచింది మూడో కాగితం, 13వ సవరణ. అప్పటి 36 రాష్ట్రాల్లో 27వదిగా జార్జియా ఆమోదించిన 1865 డిసెంబరు 6న అది రాజ్యాంగంలో భాగమైంది. డెలావేర్ దాన్ని ఆమోదించింది 1901లో, కెంటకీ 1976లో. మిసిసిపీ 1995లో ఓటు వేసినా కాగితం వాషింగ్టన్‌కు పంపడం మరిచిపోయి, 2013లో ఆ పని పూర్తిచేసింది. ఈ ఆలస్యపు ఆమోదాలకు చట్టపరమైన ప్రభావమేమీ లేదు. ఆ రాష్ట్రాల మనసు తెలియడానికి పనికొస్తాయి, అంతే. ఇప్పటి ఓక్లహోమాలో ఉన్న స్థానిక తెగల భూభాగాలకు ఆ సవరణ వర్తిస్తుందా అన్న పేచీ వేరే ఉంది. చోక్టా, చికసా తెగల దగ్గరున్న నల్లజాతి బానిసల విడుదల 1866 ఒప్పందాలతో గానీ ఖరారు కాలేదు.

మరి పండగకు డిసెంబరు 6 కాకుండా జూన్ 19 ఎందుకు నిలిచింది? డిసెంబరు తేదీ శాసనసభల్లో జరిగిన ఓట్ల లెక్క. జూన్ తేదీ ఒక సమాజం జ్ఞాపకం పెట్టుకుని, ఏటా వంట వండి, పిల్లలకు చెప్పి కాపాడుకున్న రోజు. అంతకన్నా పెద్ద కారణం వెతకనక్కర్లేదు.

13వ సవరణలో ఒక మినహాయింపు ఉంది. నేరానికి శిక్షగా తప్ప బానిసత్వం ఉండరాదని దాని మాట. ఆ 'తప్ప'లోంచే ఖైదీలను కౌలుకిచ్చే పద్ధతి దూరింది. రాష్ట్రం ఖైదీలను తోటల యజమానులకు, కంపెనీలకు అద్దెకిచ్చేది. చిన్న నేరాలకు జైలుకు పంపిన నల్లవాళ్లే అందులో ఎక్కువ. హ్యూస్టన్ పక్కన షుగర్ ల్యాండ్ తెలుగువాళ్లకు బాగా తెలిసిన ఊరు. ఎన్నో తెలుగు కుటుంబాలు అక్కడ ఇళ్లు కొనుక్కున్నాయి. ఆ పేరులోని చక్కెర చెరకు తోటలది, ఆ తోటల్లో చెరకు నరికింది అద్దె ఖైదీలు. 2018లో అక్కడ ఒక బడి భవనం కోసం పునాదులు తవ్వుతుంటే 95 మంది అవశేషాలు బయటపడ్డాయి. అందరూ నల్లజాతివాళ్లే, ఒక స్త్రీ తప్ప అంతా మగవాళ్లు. విడుదల ఉత్తర్వు తర్వాత పుట్టినవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు.

పార్కు కొనుక్కుని చేసుకున్న పండగ

మరుసటి ఏడాది, 1866 నుంచే టెక్సస్‌లో జూన్ 19 వేడుకలు మొదలయ్యాయి. అప్పట్లో జూబిలీ డే అనేవారు. చర్చిలో ప్రార్థన, విమోచన ప్రకటన చదవడం, ఒకప్పుడు బానిసలుగా బతికినవాళ్ల చేత అనుభవాలు చెప్పించడం, ఊరేగింపు, మాంసం కాల్చి సామూహిక భోజనం. కొత్త బట్టలు తప్పనిసరి. యజమాని విసిరేసిన ముతక గుడ్డ కట్టుకున్నవాళ్లకు సొంతంగా కుట్టించుకున్న చొక్కా అంటే ఏమిటో వేరే చెప్పాలా.

చిక్కల్లా చోటు దగ్గర వచ్చింది. ఊరి పార్కుల్లోకి నల్లవాళ్లను రానిచ్చేవారు కాదు. 1872లో హ్యూస్టన్‌లో పాస్టర్ జాక్ యేట్స్, ఇంకొందరు పెద్దలు చందాలు పోగుచేసి వెయ్యి డాలర్లకు 10 ఎకరాలు కొన్నారు. ఏడేళ్ల కిందటి దాకా తామే ఆస్తి పట్టికలో ఉన్నవాళ్లు ఆస్తి పత్రం మీద సంతకం పెట్టారు. అదే ఎమాన్సిపేషన్ పార్క్, ఇప్పటికీ అక్కడే ఉంది. టెక్సస్‌లోనే మెక్సియా ఊరి దగ్గర కూడా ఇలాగే నేల కొనుక్కున్నారు.

20వ శతాబ్దంలో పనుల కోసం కాలిఫోర్నియాకు, ఉత్తరాది నగరాలకు వలసపోయిన టెక్సస్ కుటుంబాలు పండగనూ వెంట తీసుకుపోయాయి. మధ్యలో చాలా చోట్ల సన్నగిల్లింది. జూన్ 19న సెలవిచ్చే యజమాని లేడు, బడి పుస్తకాల్లో ఆ మాట లేదు. 1968 జూన్ 19న వాషింగ్టన్‌లో పేదల ఉద్యమం జరిపిన పెద్ద సభ తర్వాత మళ్లీ ఊపు వచ్చింది. టెక్సస్ శాసనసభ్యుడు ఆల్ ఎడ్వర్డ్స్ పెట్టిన బిల్లు 1979లో చట్టమై, 1980 జనవరి 1 నుంచి టెక్సస్‌లో అది రాష్ట్ర సెలవైంది. అలా చేసిన మొదటి రాష్ట్రం అదే.

జాతీయ సెలవు కోసం పట్టుబట్టినవాళ్లలో ఎక్కువగా వినిపించే పేరు ఫోర్ట్ వర్త్‌కు చెందిన ఓపల్ లీ. ఆమెకు 12 ఏళ్లున్నప్పుడు, 1939 జూన్ 19నే, తెల్లవాళ్ల వీధిలో ఇల్లు కొన్నారన్న కక్షతో ఒక గుంపు వాళ్లింటి మీద పడి ధ్వంసం చేసింది. 2016లో, 89 ఏళ్ల వయసులో, ఆమె వాషింగ్టన్ వైపు నడక మొదలుపెట్టింది. విడుదల ఆలస్యమైన రెండున్నరేళ్లకు గుర్తుగా విడతకు రెండున్నర మైళ్లు. 2021 జూన్ 15న సెనేట్ ఏకగ్రీవంగా, మర్నాడు ప్రతినిధుల సభ 415-14 ఓట్లతో ఆమోదించాయి. 17న అధ్యక్షుడు బైడెన్ సంతకం పెట్టాడు. 1983లో మార్టిన్ లూథర్ కింగ్ దినాన్ని చేర్చిన తర్వాత మళ్లీ కొత్త సెలవు రావడం అదే మొదలు. 2024లో ఓపల్ లీకి అదే పాత స్థలంలో కట్టిన కొత్త ఇంటి తాళాలు అందాయి.

సెలవు ఎవరికి, ఎవరికి కాదు

ఫెడరల్ సెలవంటే దేశమంతా మూతపడాలని కాదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు జీతంతో సెలవు, అంతే. ప్రైవేటు కంపెనీ ఇవ్వాలన్న నియమం లేదు. పోస్టాఫీసులు మూసేస్తారు. 2022 నుంచి స్టాక్ మార్కెట్లు కూడా. వలస వ్యవహారాల శాఖకు పత్రాలు పంపే గడువు ఆ రోజుతో ముగుస్తుంటే తర్వాతి పనిదినానికి జరుగుతుంది. హెచ్-1బి మీద ఉన్నవాళ్లు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇది. హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్ కూడా ఆ రోజు పనిచేయదు.

శనివారం పడితే ముందు శుక్రవారం, ఆదివారం పడితే సోమవారం ప్రభుత్వోద్యోగులకు సెలవు. అమెరికా కేంద్ర బ్యాంకు వ్యవస్థ అయిన ఫెడరల్ రిజర్వ్ బ్యాంకులు మాత్రం శనివారం పడిన సెలవును శుక్రవారానికి జరపవు. 2027లో జూన్ 19 శనివారం. 18న ప్రభుత్వ ఆఫీసులు మూసి ఉంటాయి, బ్యాంకు లావాదేవీలు నడుస్తాయి. పండగ పుట్టిన టెక్సస్‌లో ఇంకో మెలిక ఉంది. రాష్ట్ర ప్రభుత్వం లెక్కలో ఇది 'పాక్షిక సిబ్బంది' సెలవు, అంటే ఆఫీసు తెరిచే ఉంటుంది, కొద్దిమంది వస్తారు.

విడుదల రోజుగా జూన్ 19 ఒక్కటే లేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఫ్లారిడాలో మే 20, టెనెసీ, కెంటకీల్లో ఆగస్టు 8 పాత ఆనవాయితీ. వాషింగ్టన్ నగరానికి ఏప్రిల్ 16. 1862లో ఆ రోజున అక్కడి బానిసలను విడుదల చేస్తూ ఒక్కో మనిషికి 300 డాలర్ల దాకా యజమానులకు పరిహారం ఇచ్చారు. ఆదాయపు పన్ను గడువు కొన్ని ఏళ్లలో ఏప్రిల్ 15 దాటి 18 దాకా జరిగేది ఈ నగర సెలవు వల్లే.

బ్రిటిష్ వలసల్లో తేదీ 1834 ఆగస్టు 1. అక్కడ కూడా 2 కోట్ల పౌండ్లు యజమానులకే. ఆ చట్టం ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోని ప్రాంతాలను పేరు పెట్టి మరీ వదిలేసింది, మన మద్రాసు ప్రెసిడెన్సీ వాటిలోదే. ఇక్కడ 1843 ఐదో చట్టం బానిస మీద యజమాని హక్కును కోర్టులు గుర్తించవని చెప్పి ఊరుకుంది, బానిసను ఉంచుకోవడం నేరమైంది శిక్షాస్మృతి అమల్లోకి వచ్చిన 1862లో. మారిషస్‌లో 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. చెరకు తోటల్లో ఖాళీ అయిన ఆ చోట్లలోకి ఒప్పంద కూలీలను ఓడలకెక్కించారు, వాళ్లలో కోరంగి రేవు నుంచి వెళ్లిన తెలుగువాళ్లూ ఉన్నారు. ఇప్పటి మారిషస్‌లో ఫిబ్రవరి 1 ఒక సెలవు, కూలీలు దిగిన నవంబరు 2 ఇంకో సెలవు.

ఎర్ర పానీయం

జూన్‌టీన్త్ బల్ల మీద ఎరుపు కనబడాలి. పుచ్చకాయ, ఎర్ర సాసేజీలు, ఎర్ర వెల్వెట్ కేకు, ఎర్ర సోడా. చిందిన రక్తానికి గుర్తని కొందరు, పశ్చిమ ఆఫ్రికాలో ఎరుపుకున్న గౌరవమని కొందరు చెబుతారు. 2022లో ఒక పెద్ద దుకాణాల సంస్థ ఈ పండగ పేరుతో ఎర్ర ఐస్‌క్రీమ్ అమ్మకానికి పెట్టి, జనం మండిపడితే వెనక్కి తీసుకుంది. మండిపడింది ఎరుపు మీద కాదు, పండగను అమ్మకపు సరుకు చేయడం మీద, పేరు పక్కన వేసిన ట్రేడ్‌మార్కు గుర్తు మీద.

సోడాలకు ముందున్న పానీయం మాత్రం మనకు చుట్టమే. సెనెగల్‌లో బిస్సాప్, జమైకాలో సొరెల్ అనే ఆ మొక్క మన గోంగూరే. మనం ఆకు తింటాం, వాళ్లు పువ్వు రాలాక కాయ చుట్టూ మిగిలే కండగల ఎర్ర రేకులు ఎండబెట్టుకుంటారు. అమెరికాలో మెక్సికన్ దుకాణాల్లో హమైకా అన్న పేరుతో దొరుకుతాయి. రెండు లీటర్ల నీళ్లకు ఎండు రేకులు 40 గ్రాములు, అంటే ఒక కప్పు. ముందు చల్లటి నీళ్లలో ఒకసారి జాడించాలి, అడుగున ఇసుక ఉంటుంది. నీళ్లు మరిగాక రేకులు, దంచిన అల్లం ముక్క, నాలుగు లవంగాలు వేసి ఐదు నిమిషాలకు పొయ్యి కట్టేసి, మూతపెట్టి అరగంట వదిలేయాలి. ఎక్కువసేపు మరిగిస్తే వగరు వస్తుంది. వడకట్టి, వేడి తగ్గకముందే 150 గ్రాముల చక్కెర కలపాలి. నిమ్మరసం చల్లారాకే. ఇక గిన్నె సంగతి గోంగూర వండే ఇంట్లో చెప్పనక్కర్లేదు: అల్యూమినియం వద్దు, పులుపుకు అది కరిగి లోహపు రుచి వస్తుంది. స్టీలుదే పెట్టాలి.